బిల్లు చెల్లించాక మిగిలే బాకీ

ఒక వ్యక్తి తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి) మూడు విషయాలు అడిగారని ఉల్లేఖనాల్లో వస్తుంది. అతని పొరుగున నివసించావా అని, అతనితో దీనార్లు, దిర్హమ్‌ల లావాదేవీ జరిపావా అని, అతనితో కలసి ప్రయాణం చేశావా అని. మూడింటికీ ఆ మనిషి లేదనే అన్నాడు. అలాగైతే అతడెవరో నీకు తెలియదంటూ, బాగా తెలిసిన మరొకరిని తీసుకురమ్మని ఆ మహనీయులు తిప్పి పంపారు. సఫర్ అనే అరబీ పదానికి మూలంలోనే తెర తొలగించడం, బయటపెట్టడం అనే భావం ఉందని మన ఉలమా చెబుతూ వచ్చారు. మస్జిదులో మొదటి వరుసలో కనిపించే మనిషి అసలు గుణం, బస్సు దిగి అలసిపోయి ఉన్నప్పుడు బయటపడుతుంది.

ఈ మూడు పరీక్షలూ ఒకేసారి ఎదురయ్యే చోటు ఒకటుంది. బస్టాండు పక్కనో ఆసుపత్రి వీధిలోనో ఉండే చిన్న లాడ్జి, దాని కింది అంతస్తులో నాలుగు బల్లలు వేసిన హోటలు. అక్కడ మనం ప్రయాణికులం. డబ్బు ఇచ్చిపుచ్చుకునే వాళ్ళం. పలుచని గోడకు అవతల ఊరూ పేరూ తెలియని ఒక పొరుగువాడు కూడా ఉంటాడు. అన్నిసా సూరా 36వ ఆయత్‌లో తల్లిదండ్రులు, బంధువులు, అనాథల తరువాత పక్కనున్న సహచరుని పట్ల కూడా సద్వ్యవహారం చేయమని ఆదేశం వచ్చింది. ప్రయాణంలో కొద్దిసేపు మన పక్కన ఉన్నవాడు కూడా ఇందులోకి వస్తాడని వ్యాఖ్యాతలు రాశారు.

ఇలాంటి లాడ్జీ గురించి ధార్మిక పత్రికలో రాయడానికి ఏముంటుంది అని కొందరికి అనిపించవచ్చు. "గది అద్దె కట్టాం, భోజనం డబ్బులు ఇచ్చాం, ఇంకేం బాకీ?" అనే మాట మేము చాలామంది నోట విన్నాం. మాట సూటిగానే ఉంది. అయితే డబ్బు చేతులు మారగానే హక్కుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కుల లెక్క మూసుకుపోతుందా అన్నదే మా ప్రశ్న. విలాసాల కోసం తిరిగేవారి సంగతి పక్కనపెట్టి, రోగిని వెంటబెట్టుకుని వెళ్ళే కుటుంబాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

కడప, చిత్తూరు, అనంతపురం, నెల్లూరు ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో వేలూరు వెళ్ళి రాని ఇల్లు తక్కువ. మన పెద్దలు రాయవేలూరు అంటారు. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికన్ మహిళ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ సి.ఎం.సి. ఆసుపత్రిగా దేశమంతటి రోగులనూ రప్పిస్తోంది. ఆ చుట్టుపక్కల వీధులనిండా చిన్న లాడ్జీలే. ఒక గదిలో మదనపల్లె వాళ్ళుంటే, పక్క గదిలో బెంగాల్ వాళ్ళు, ఆ పక్కన అస్సాం వాళ్ళు. కింద హోటల్లో ఒక బల్ల మీద సాంబారన్నం, ఇంకో బల్ల మీద చేపల పులుసు. రెండు రోజుల పని అని వచ్చినవారు పరీక్షలు, రిపోర్టులు, తారీఖుల మధ్య ఇరవై రోజులు ఉండిపోతారు. చేతిలో డబ్బు కరుగుతుంది, ఓపిక అంతకంటే ముందే కరుగుతుంది.

మన ధర్మంలో బాటసారికి ఉన్న స్థానం చిన్నది కాదు. జకాత్ పొందే 8 వర్గాలను పేర్కొన్న తౌబా సూరా 60వ ఆయత్‌లో ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి, ఒక వర్గం. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అతిథికి ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక మర్యాద, మొత్తం 3 రోజుల ఆతిథ్యం ఉన్నాయనీ, ఆపైన పెట్టేది దానమవుతుందనీ తెలిపారు. ఇంటివారిని ఇబ్బందుల్లోకి నెట్టేంతకాలం అతిథి తిష్ఠ వేయడం కూడా తగదన్నారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) కాలంలో సమర్ఖండ్ అధికారికి వెళ్ళిన ఉత్తర్వును చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. మీ ప్రాంతంలో బాటసారుల కోసం సత్రాలు కట్టించండి, దారిన పోయే ముస్లిములకు ఒక పగలు ఒక రాత్రి ఆతిథ్యమిచ్చి వారి పశువులను కూడా చూసుకోండి, జబ్బుపడినవారైతే రెండు పగళ్ళు రెండు రాత్రులు ఉంచండి అన్నది దాని సారాంశం. రోగికి గడువు రెట్టింపు చేసిన ఆ ఒక్క వాక్యం, వేలూరు వీధుల్లో రోగుల కుటుంబాలను చూసినప్పుడల్లా మాకు గుర్తుకొస్తుంది. మన దేశంలోనూ షేర్‌షా సూరీ రహదారుల వెంట సరాయిలు కట్టించి, హిందువులకూ ముస్లిములకూ వేర్వేరుగా వసతి ఏర్పాటు చేశాడు.

ఇవాళ ఆ సరాయిల స్థానాన్ని అద్దె గదులు ఆక్రమించాయి. ఈ మార్పు కూడా కొత్తదేమీ కాదు. ఆతిథ్యమివ్వవలసిన బాధ్యత పల్లెవాసులపై ఉంటుందనీ, పట్టణాల్లో సత్రాలూ బజార్లూ దొరుకుతాయి కాబట్టి పట్టణవాసులపై ఆ బాధ్యత లేదనీ ఇమామ్ మాలిక్ (రహ్మలై) అభిప్రాయపడ్డారు. అంటే ఆ కాలానికే డబ్బిచ్చి బస చేయడం అలవాటైంది. అన్నూర్ సూరాలో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా వెళ్ళరాదని ఆజ్ఞాపించిన వెంటనే, 29వ ఆయత్‌లో ఎవరూ స్థిరంగా కాపురముండని, మన ప్రయోజనం ఉన్న గృహాల విషయంలో సడలింపు ఇవ్వబడింది. బాటసారుల సత్రాలే ఆ గృహాలని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. ఆ ఆయత్ చివరన, మీరు బయటపెట్టేదీ దాచేదీ అల్లాహ్‌కు తెలుసు అన్న హెచ్చరిక ఉంది. సత్రం విషయం మాట్లాడుతూ, దాచే సంగతి ఎందుకు ప్రస్తావనకు వచ్చిందో ఆలోచించవలసిన విషయం.

దాచేది ఏమిటో లాడ్జీ కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. రిజిస్టరులో ఇద్దరని రాయించి, చీకటి పడ్డాక మరో ఇద్దరిని మేడ ఎక్కించడం. గదిలో వంట చేయరాదని గోడ మీద రాసి ఉన్నా, సంచిలో కరెంటు పొయ్యి తెచ్చుకుని, వాసన బయటికి పోకుండా తలుపు కింద తువ్వాలు అడ్డంపెట్టి అన్నం వండుకోవడం. "పాపం, ఆసుపత్రి ఖర్చులు కదా" అని మనసు సర్దిచెబుతుంది. ఖర్చుల బాధ నిజమే. కానీ ఫిఖ్‌హ్ ప్రకారం గది అద్దె అనేది ఇజారా. అంటే ఒక వస్తువు ప్రయోజనాన్ని, నిర్ణీత షరతులపై, కొనుక్కోవడం. హనఫీ గ్రంథం హిదాయాలో ఒక మస్అలా ఉంది. ఇంత బరువు గోధుమలు మోయించడానికని పశువును కిరాయికి తీసుకుని, అంతకంటే ఎక్కువ మోయించినందువల్ల అది చనిపోతే, ఆ అదనపు బరువు మేరకు కిరాయిదారుడు నష్టపరిహారం ఇవ్వాలి. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు అందులో మామూలు కాపురపు పనులన్నీ చేసుకోవచ్చు గాని, కట్టడానికి హాని కలిగించే కమ్మరి కొలిమి, పిండి మర వంటివి యజమాని అనుమతి లేకుండా పెట్టరాదని కూడా ధర్మవేత్తలు రాశారు. మన కరెంటు పొయ్యి కొలిమి అంతటిది కాకపోవచ్చు. అయినా యజమాని స్పష్టంగా వద్దన్నదానికి మామూలు కాపురం అనే సాకు చెల్లదు. ఆ పాత తీగల మీద ఎంత భారం పడుతుందో అతనికి తెలుసు. పైగా ఆ వీధుల్లో వంటకు వీలున్న గదులు విడిగా దొరుకుతాయి, వాటి అద్దె వేరు. అడిగితే పోయేదానికి దాచడమెందుకు? నలుగురం ఉన్నాం, ఇంతే ఇవ్వగలం అని నోరు తెరిచి అడిగితే, తగ్గించి ఇచ్చే యజమానులను మేము చూశాం. తగ్గించకపోయినా మన మాట మన దగ్గర శుభ్రంగా ఉంటుంది.

ఒక విచిత్రం చెప్పాలి. ఇదే గదిలో ఇదే మనిషి నమాజు విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉంటాడు. ఇక్కడ ఖస్ర్ చేయాలా, పూర్తి నమాజు చదవాలా అని ఫోన్ చేసి మరీ అడుగుతాడు. సంతోషించవలసిన విషయమే. హనఫీ మస్లక్ ప్రకారం ఒకే ఊళ్ళో 15 రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పించుకుంటే పూర్తి నమాజు చదవాలి. రేపో ఎల్లుండో డిశ్చార్జి అంటూ సంకల్పం స్థిరపడకుండా ఎన్నాళ్ళు గడిచినా ఖస్రే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆజర్‌బైజాన్‌లో మంచు వల్ల దారి మూసుకుపోయి 6 నెలలు ఖస్ర్ చేస్తూనే గడిపారని ఉల్లేఖనం ఉంది. ఎన్ని రోజులుంటాననే విషయంలో తన మనసులోని సంకల్పాన్ని అల్లాహ్ ముందు ఇంత నిక్కచ్చిగా తూచుకునే మనిషి, ఎంతమంది ఉంటామనే విషయంలో కౌంటరు దగ్గరి గుమాస్తా ముందు మాత్రం తూకం మార్చేస్తాడు. ఇది మాకు ఎప్పుడూ అంతుపట్టలేదు.

కింది హోటలు సంగతికి వద్దాం. మన దక్షిణాదిలో ఫుల్ మీల్స్ అనే పద్ధతి ఉంది. ఒక ధర కట్టి, కడుపు నిండేదాకా అన్నం పెట్టించుకోవచ్చు. ఎంత తింటాడో ముందుగా తెలియని ఈ బేరం షరీఅత్‌లో చెల్లుతుందా అని ఒక విద్యార్థి మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. దీనికి పోలిక మన గ్రంథాల్లోనే ఉంది. పూర్వం ఊళ్ళలో హమ్మాములు, అంటే స్నానశాలలు ఉండేవి. లోపలికి వెళ్ళినవాడు ఎంత నీరు వాడతాడో, ఎంతసేపు ఉంటాడో ఎవరికీ తెలియదు. అయినా జనుల ఆచారాన్ని బట్టి ఆ రుసుము ధర్మసమ్మతమేనని ధర్మవేత్తలు తీర్పు చెప్పారు. ఫుల్ మీల్స్‌ను కూడా ఇలాగే అర్థం చేసుకోవాలని మా అభిప్రాయం. అయితే ఏ ఆచారం ఈ బేరానికి అనుమతి ఇచ్చిందో, ఆ ఆచారమే దానికి హద్దు కూడా గీస్తుంది. ఒక్కరి ధర కట్టి ఇద్దరు తినడం, మూడోసారి వడ్డించుకున్న అన్నాన్ని బల్ల కింద టిఫిను డబ్బాలోకి మార్చడం ఏ ఊరి ఆచారమూ కాదు. ఆకులో వదిలేసి లేచిపోవడం ఆచారంగా చలామణి అవుతోంది గాని, తినండి, తాగండి, వృథా చేయకండి అనే భావంతో అఅరాఫ్ సూరా 31వ ఆయత్‌లో వచ్చిన ఆజ్ఞ ముందు ఆ ఆచారం నిలవదు. డబ్బు కట్టినవాడికి తినే హక్కు వస్తుంది, పారవేసే హక్కు రాదు.

రుచి గురించి ఒక్క మాట. మహాప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టేవారు కాదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదిలేసేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఒకసారి ఇంట్లో రొట్టెలోకి సిర్కా తప్ప మరేమీ లేదంటే, దాన్నే తెప్పించుకుని మెచ్చుకుంటూ భుజించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం. హోటల్లో పప్పు పలుచగా ఉందని గిన్నె అవతలికి నెట్టే ముందు ఈ సిర్కా గుర్తుంటే చాలు. పాచిపోయినదీ, పురుగు పట్టినదీ వెనక్కి ఇవ్వడం వేరు. అది కొనుగోలుదారుని న్యాయమైన హక్కు.

అడగడం, ఆరా తీయడం

ఇప్పుడు అసలు చిక్కు. కొత్త ఊళ్ళో మాంసం తినవచ్చా? ఈ విషయంలో మన సమాజంలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు ఏ ప్రశ్నా లేకుండా ఎక్కడ పడితే అక్కడ కోడికూర తెప్పించుకుంటారు. వీరిది నిర్లక్ష్యం. రెండోవారు తలపై టోపీ, గోడపై ఆయతుల్ కుర్సీ ఉన్న హోటలు యజమానిని కూడా నిలబెట్టి న్యాయస్థానంలోలాగా ప్రశ్నిస్తారు. ఎవరు కోశారు, నువ్వు చూశావా, బిస్మిల్లాహ్ చదివాడని నీకెలా తెలుసు? పొయ్యి దగ్గర చెమటోడుస్తున్న ఆ మనిషి ముఖం చిన్నబోతుంది. ప్రశ్నించినవాడు దాన్ని తఖ్వా అనుకుంటాడు.

కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు మాంసం తెచ్చి ఇస్తున్నారు, దానిపై అల్లాహ్ నామం స్మరించారో లేదో తెలియదు అని కొందరు విన్నవించుకున్నప్పుడు, మీరు అల్లాహ్ పేరు తలచి తినండి అని మహాప్రవక్త (స) సెలవిచ్చారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. బుఖారీలో ఉందీ హదీసు. ముస్లిం చేతి ఆహారం పట్ల మూలసూత్రం మంచి అభిప్రాయమే. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో హజ్రత్ ఉమర్ (రజి) ప్రయాణ ఘట్టం ఒకటి ఉంది. ఒక నీటి మడుగు దగ్గర, ఇక్కడికి క్రూరమృగాలు వస్తాయా అని వెంట ఉన్న హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) మడుగు యజమానిని అడిగారు. మాకు ఆ సంగతి చెప్పవద్దని హజ్రత్ ఉమర్ (రజి) ఆ యజమానిని వారించారు. అవసరం లేని శోధన ప్రయాణికుణ్ణి దాహంతో చంపుతుంది.

యజమాని ముస్లిమేతరుడైతే? అక్కడ అడగడం అనుమానించడం అనిపించుకోదు, అది మన ధర్మం మనకు ఇచ్చిన బాధ్యత. అయితే ఏమి అడగాలన్నది ముఖ్యం. హిదాయాలోని మరో మస్అలా ఇక్కడ పనికొస్తుంది. ముస్లిం కాని, గ్రంథప్రజల్లోనూ చేరని పనివాణ్ణి మాంసం కొనుక్కురమ్మని పంపితే, అతడు తిరిగి వచ్చి ఫలానా ముస్లిం దగ్గర కొన్నానని చెబితే ఆ మాటను స్వీకరించవచ్చు, ఎందుకంటే కొనుగోలు వ్యవహారాల్లో ముస్లిమేతరుని మాట కూడా చెల్లుతుంది. కాబట్టి "ఇది హలాలేనా" అని అడిగే బదులు "ఎక్కడ కొన్నారండీ" అని అడగాలి. హలాలా హరామా అనే తీర్పు చెప్పడం అతని పని కాదు, అతనికి తెలియదు కూడా. గిరాకీ పోకూడదని అవునని తలూపేస్తాడు. ఎక్కడ కొన్నాడో మాత్రం అతనికి కచ్చితంగా తెలుసు. ఫలానా వీధిలోని ఫలానా ముస్లిం అంగడి అని చెప్పి, మనసుకు ఆ మాట నిజమనిపిస్తే తినవచ్చు. తెలియదన్నా, తడబడినా మాంసం మానేయాలి. హలాల్ స్పష్టమే, హరామ్ స్పష్టమే, ఈ రెంటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయనీ, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ పరువునూ కాపాడుకున్నాడనీ హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉండనే ఉంది. అన్నం, పప్పు, కూరగాయలు, ఉడికించిన గుడ్డు ఎక్కడైనా దొరుకుతాయి. గిన్నెల విషయంలో కూడా కలవరపడనక్కరలేదు. గ్రంథప్రజల పాత్రల గురించి అడిగిన హజ్రత్ అబూ సఅలబా (రజి)కి, వేరేవి దొరక్కపోతే వాటినే కడిగి వాడుకోమని మహాప్రవక్త (స) చెప్పారు.

మానేయడం కూడా ఎలా మానేస్తామన్నది ఉంది. "మీ దగ్గర మేము తినం" అన్న మాటకూ, "మాకు పప్పన్నం చాలండీ" అన్న మాటకూ ఎంత దూరమో పెద్దగా చదువుకోనివారికి కూడా తెలుసు. 14వ శతాబ్దంలో మలబారు తీరం వెంట ప్రయాణించిన ఇబ్న్ బతూతా, అక్కడ దారి పొడుగునా ప్రతి అర మైలుకూ బాటసారులందరూ కూర్చునే కొయ్య చావడి, బావి, నీళ్ళిచ్చే మనిషి ఉండేవారని రాశాడు. ఆ మనిషి స్థానికులకు పాత్రలో నీళ్ళిచ్చేవాడు, ముస్లిముకైతే దోసిట్లో పోసేవాడు. మజిలీల్లో నివసించే ముస్లిం కుటుంబాలు వండిపెట్టకపోతే ఆ దేశంలో ముస్లిం ప్రయాణం చేయగలిగేవాడే కాదని కూడా రాశాడు. దోసిట్లో నీళ్ళు పోయించుకున్నవాడి మనసులో ఏముంటుందో ఊహించగలిగినవారు, తమ ముందు పళ్ళెం పెట్టిన మనిషిని అదే స్థితిలోకి నెట్టరు. రహదారి పక్కన సరైన హలాల్ భోజనం పెట్టే చిన్న హోటలు నడుపుకుంటున్న సోదరుని శ్రమ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. అలాంటివాని దగ్గర పది రూపాయల కోసం బేరమాడేవారిని చూస్తే మాకు ఆశ్చర్యం వేస్తుంది.

వడ్డించే కుర్రవాని సంగతి మరువరాదు. మీ సేవకుడు భోజనం తెచ్చినప్పుడు అతణ్ణి మీతో కూర్చోబెట్టుకోండి, అలా కుదరకపోతే ఒకటి రెండు ముద్దలైనా అతనికి ఇవ్వండి, ఆ వంట వేడిని భరించినవాడు అతనే కదా అన్న భావం గల హదీసు బుఖారీలో ఉంది. గమనించండి, ఆ సేవకునికి కూడా జీతమో పోషణో అందుతూనే ఉంటుంది. అయినా వేడిని భరించినందుకు ముద్ద వేరుగా ఉంది. మన బిల్లులో అన్నం ధర ఉంటుంది, ఆ కుర్రవాడు ఓర్చుకున్న సెగ ధర ఉండదు. మేడ మెట్లు తుడిచే స్త్రీ పేరు కూడా అందులో ఉండదు. రోగి వాంతి చేసుకున్న దుప్పటిని ఆమె మారు మాట్లాడకుండా తీసుకుపోతుంది. మనుషులకు కృతజ్ఞత తెలపనివాడు అల్లాహ్‌కూ తెలపనివాడేనని అబూ దావూద్, తిర్మిజీలలోని హదీసు చెబుతోంది. ఆమె చేతిలో పెట్టే ఇరవై రూపాయలూ, చెప్పే ఒక మంచి మాటా ఆ కృతజ్ఞతలో భాగాలే.

తలుపు మూసినప్పుడు

అన్ని లాడ్జీలూ ఒకేలా ఉండవు. ఒక పట్టణంలో రాత్రి పదకొండు దాటాక, జ్వరంతో ఉన్న మా పెద్దమ్మను వెంటబెట్టుకుని ఒక లాడ్జికి వెళ్ళాం. గుమాస్తా ముందు గది ఉందనే అన్నాడు. పేరు అడిగాడు. మా పేరు విని, బయట కూర్చున్న ఆమె బుర్ఖా వైపు చూసి, గదులన్నీ నిండిపోయాయన్నాడు. అతని వెనుక గోడకు తాళాల గుత్తులు వేలాడుతూనే ఉన్నాయి. చాలామంది పాఠకులకు ఇలాంటివి అనుభవమే కాబట్టి వివరించనక్కరలేదు.

భారత రాజ్యాంగం 15వ అధికరణం 2వ భాగం ప్రకారం మతం, కులం, లింగం వంటి కారణాలతో ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రానివ్వకుండా ఆపరాదు. అన్యాయానికి గురైనవాడు గొంతెత్తడాన్ని దివ్య ఖుర్ఆన్ కూడా అన్నిసా సూరా 148వ ఆయత్‌లో మినహాయించింది. ఫిర్యాదు చేయవచ్చు, చేయాలి కూడా. అయితే ఆ ఫిర్యాదు ఆ గుమాస్తా మీద, ఆ యజమాని మీద ఉండాలి. ఊరి మీదా, ఒక సమాజం మీదా ఉండరాదు. కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అలై), హజ్రత్ ఖిజ్ర్ (అలై) ఒక ఊరికి ఆకలితో చేరుకున్నారు. అన్నం అడిగితే ఊరివారు ఆతిథ్యం నిరాకరించారు. అదే ఊళ్ళో కూలబోతున్న గోడను ఖిజ్ర్ (అలై) నిలబెట్టారు. కూలి తీసుకోవచ్చు కదా అని మూసా (అలై) అన్నారు. ఆ గోడ ఇద్దరు అనాథ బాలురదని, దాని కింద వారి నిధి ఉందని, వారి తండ్రి సజ్జనుడని తరువాత తెలిసింది. తలుపులు మూసిన ఊళ్ళోనే ఆ అనాథలూ ఉన్నారు. ఆ రాత్రి మాకు గది దొరికింది రెండు వీధుల అవతల, విభూతి పెట్టుకున్న ఒక ముసలాయన లాడ్జీలో. ఆయన వేడినీళ్ళు తానే మోసుకొచ్చాడు. తెల్లవారుజామున నమాజుకు మేడ మీది గది తలుపు తీసి, పడమర ఇటు అని వేలు చూపించాడు.

మరి మనవాళ్ళు నడిపే లాడ్జీల్లో, అద్దె ఇళ్ళలో ఎదుటివారి పేరు విని తాళాలు దాచడం లేదా? ఈ ప్రశ్నను ఇక్కడే వదిలేస్తున్నాం. జవాబు ఆయా యజమానులకు తెలుసు.

వదిలి వచ్చిన ఖాతా

చివరిగా ఒక ముఖ్యమైన మస్అలా, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు. రోజుల తరబడి ఉండే కుటుంబాలకు కింది హోటలువాళ్ళు ఖాతా రాస్తారు. టీలు, ఇడ్లీలు, రాత్రిళ్ళు రోగికి జావ, అన్నీ ఒక చిన్న పుస్తకంలో. ఒక రాత్రి రోగి ప్రాణం పోతుంది. తెల్లారేలోగా అంబులెన్సు మాట్లాడుకుని జనాజాతో ఊరికి బయలుదేరతారు. హోటలు మూసి ఉంటుంది. ఖాతా అలాగే ఉండిపోతుంది. ఆ దుఃఖంలో మరిచిపోవడం సహజం, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. కానీ జియారత్, ఫాతిహా, బంధువుల రాకపోకలు ముగిశాక కూడా గుర్తు రాదు. వచ్చినా, ఎనిమిది వందల కోసం అంత దూరం ఎవరు వెళ్తారు అనుకుంటారు.

ఆ ఖాతా ఎవరి పేరున ఉంటే వారి అప్పు అది. కొడుకు తన పేరున రాయించి ఉంటే కొడుకుదే. మృతుడే రాయించి ఉంటే అది అతని ఆస్తిలోంచి, వారసులు పంచుకోకముందే చెల్లించాలి. వసీయత్, అప్పు తీరిన తరువాతే వారసత్వ భాగాలని అన్నిసా సూరా 11, 12 ఆయత్‌లు స్పష్టం చేశాయి. అప్పు మిగిలిన ఒక వ్యక్తి జనాజా నమాజు తాము చదివించకుండా, మీరే చదువుకోండని మహాప్రవక్త (స) అన్నప్పుడు, ఆ అప్పు నా మీద వేసుకుంటానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చారు, ఆపైనే వారు నమాజు చదివించారు. ఆ అప్పు 3 దీనార్లని బుఖారీలో ఉంది. అప్పిచ్చినవాడు ముస్లిమేతరుడు కదా అని తేలికగా తీసుకోవడం మరీ ప్రమాదం. మనతో ఒడంబడిక ఉన్న ముస్లిమేతరునికి అన్యాయం చేసినవానిపై ప్రళయదినాన తామే వాదిస్తామని మహాప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్‌లో ఉంది.

చెల్లించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. లాడ్జి రసీదు మీద ఫోన్ నంబరు ఉంటుంది. కింది హోటలువాణ్ణి పిలిపించమని అడగవచ్చు, ఫోను ద్వారానే సొమ్ము పంపవచ్చు. మొత్తం గుర్తు లేకపోతే అతని పుస్తకంలో ఉన్నదాన్నే ఒప్పుకోవాలి, లేదా తగ్గకుండా అంచనా వేసి ఇవ్వాలి. హోటలు ఎత్తేశారని తెలిస్తే, ఆ వీధికి చికిత్స కోసం వెళ్ళే మరో బంధువుకు చెప్పి వాకబు చేయించాలి. ఎంత వెదికినా యజమానిగాని, అతని వారసులుగాని దొరక్కపోతే, ఆ మొత్తాన్ని అతని తరఫున పేదలకు ఇచ్చి, ఎప్పుడైనా అతను ఎదురుపడి అడిగితే తిరిగి ఇస్తాననే సంకల్పంతో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచాలి. ఆ కాగితం ఎక్కడుందో భార్యకో కొడుకుకో చెప్పి ఉంచాలి.